ఎండకు భయపడే ఊరు

తోటల పని చదువుకుని ఉద్యోగాల్లో చేరే పిల్లలు అప్పుడప్పుడు సంగారెడ్డిలో మా ఇంటికి వచ్చి కూర్చుంటారు. ఏ నేలలో ఏ చెట్టు బతుకుతుంది, పెరిగిన చెట్టును వేళ్లతో సహా ఎలా తరలించాలి, కంపెనీ యజమానులతో ఎలా నెగ్గుకురావాలి అని అడుగుతారు. మొదటి రెండింటికీ పుస్తకాలున్నాయి. మూడోదానికి జవాబుగా నా దగ్గర ఉన్నది ఒక్క అనుభవమే. నా ఉద్యోగమంతా ఈ పటాన్‌చెరు చుట్టుపక్కలే గడిచింది. ఫ్యాక్టరీల ఆవరణల్లో చెట్లు పెంచాను. ఔటర్ రింగు రోడ్డు వచ్చాక విల్లా కాలనీల్లో తోటలు వేశాను. వాటిలో చాలా మటుకు మరచిపోయినా నష్టం లేదు. వెలిమెల దగ్గర కట్టిన ఒక కాలనీ సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

గడ్డపోతారం

నా మొదటి ఉద్యోగం గడ్డపోతారంలో, మందుల ముడిసరుకు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో. ప్రహరీ పొడవునా చెట్లు పెంచాలని నియమం ఉంది కాబట్టి నన్ను తీసుకున్నారు. బోరు నీళ్లు పోస్తే ఆకుల అంచులు మాడిపోయేవి. నీళ్లు పరీక్ష చేయిద్దామని మేనేజరును అడిగాను. తనిఖీకి వచ్చేవాళ్లు ఆ నీళ్లు తాగరు కదమ్మా, చెట్లు చూసి పోతారు అన్నాడాయన. తనిఖీ ఉందంటే చాలు, నర్సరీ నుంచి లారీ నిండా మొక్కలు దించేవాడు. సమయం చాలకపోతే వేళ్లు లేని కొమ్మలు కూడా నేలలో గుచ్చించేవాడు. వచ్చినవాళ్లు కారెక్కి వెళ్లాక అవి ఒకటొకటిగా తల వాల్చేసేవి.

ఆ మేనేజరు చెడ్డవాడని నేననను. కార్మికుల ఇళ్లలో పెళ్లయినా చావయినా ముందు నిలబడేవాడు. కానీ ఆయనకు చెట్టంటే గోడకు వేసే రంగు లాంటిది. ఈ పనిలోకి వచ్చే మీలో ఎక్కువమందికి అలాంటి పైవాళ్లే దొరుకుతారు. ముందే తెలిసి ఉండటం మంచిది.

మాణిక్యం గారు కోరిన ఊరు

ఆ తరువాత చాలా ఏళ్లకు వాసుదేవరావు గారనే ఆర్కిటెక్టు నన్ను పిలిపించారు. అప్పటికే ఆయన తల పూర్తిగా నెరిసింది. చిన్న గొంతుతో, మాట మాటకూ ఆగి మాట్లాడేవారు. వెలిమెల దగ్గర పొలాలు కొని ఒకాయన కాలనీ కడుతున్నాడని, అందులో తోటల బాధ్యత నన్ను తీసుకోమని అడిగారు. కాలనీ మామూలుది కాదు. యూరప్‌లో, స్పెయిన్ దేశపు దక్షిణ భాగంలో, నది ఒడ్డున ఒక పాత ఊరుంది. అచ్చం ఆ ఊరిలాగే ఉండాలని యజమాని పట్టుదల. తెల్లటి గోడలు, ఎర్ర పెంకులు, వంపు తిరిగిన గుమ్మాలు, నడుమ ఫౌంటెన్ ఉన్న పెద్ద చౌక్, చౌక్‌లో ఆలివ్ చెట్లు. ఆ ఊరి పేరు తరువాత కాలనీ గేటు మీదికి ఎక్కింది కనుక ఇక్కడ రాయను.

యజమాని పేరు మాణిక్యం. పటాన్‌చెరు ఫ్యాక్టరీలకు సరుకు మోసే లారీలతో మొదలుపెట్టి పైకి వచ్చిన మనిషి. పొట్టిగా, బలంగా ఉండేవాడు. ఎదుటివాళ్లు చెప్పేది పూర్తిగా విన్నాకే మాట్లాడేవాడు. మేం కలిసిన మొదటి రోజే, ఆ ఊరు చూడకుండా గీతలు గీస్తే లాభం లేదని, వాసుదేవరావు గారినీ నన్నూ చూసి రమ్మన్నాడు. తను ఒకసారి డిసెంబరులో చూశానని, మేమూ డిసెంబరులోనే పోవాలని అన్నాడు. వాసుదేవరావు గారు ఒప్పుకోలేదు. పోతే జులైలోనే పోతామన్నారు. ఆయన చదువుకునే రోజుల్లో ఆ ఊళ్లో కొంతకాలం ఉన్నారు. ఆ భాష వచ్చు. ఆ ఊరి సంగతి వేసవిలోనే తెలుస్తుందని ఆయన నమ్మకం.

జులైలో

ఆ ఊళ్లో దిగిన రోజు మధ్యాహ్నం వీధుల్లో ఒక్క మనిషి కనబడలేదు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఎండ మన మే నెల ఎండ లాగే ఉంది. చెమట పట్టనివ్వని పొడి ఎండ. నేను చీర కొంగు తలమీద కప్పుకున్నాను. వాసుదేవరావు గారు నన్ను ఒక సందులోకి తీసుకుపోయారు. ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు గోడకు ఒరగాల్సినంత ఇరుకు సందు అది. రెండు వైపులా సున్నం కొట్టిన మందమైన గోడలు. ఇళ్ల పైకప్పుల నడుమ గుడ్డలు కట్టి ఉన్నాయి, మన పెళ్లి పందిళ్లకు కట్టినట్టు. సందు తిన్నగా పోకుండా వంకలు తిరుగుతూ పోయింది. వడగాలి ఒక వైపు నుంచి దూరి ఇంకో వైపుకు పరుగెత్తకుండా అలా కట్టారని ఆయన చెప్పారు. సందులో నాలుగడుగులు వేసేసరికి నా తలమీది కొంగు దానంతటదే జారిపోయింది. మళ్లీ కప్పుకోవాలనిపించలేదు.

ఆయనకు పరిచయమున్న ఒక ముసలావిడ ఇంటికి పోయాం. వీధి తలుపు తెరిస్తే చిన్న చీకటి నడవ, ఆ నడవ దాటితే ఆకాశం కనిపించే నడిమి వాకిలి. చుట్టూ గదులన్నీ దాని వైపే తెరుచుకుంటాయి. నేలంతా గులకరాళ్లు పరిచి, నీళ్లు చల్లి ఉంచారు. ఒక మూల బావి. గోడల నిండా పూలకుండీలు. ఎత్తున ఉన్నవాటికి నీళ్లు పోయడానికి ఆవిడ పొడవాటి కర్ర చివర రేకు డబ్బా కట్టుకుంది. నేను ఒక్కో మొక్క దగ్గరా ఆగి చూశాను. మూలన దానిమ్మ. బావి పక్కన నిమ్మ. గోడ మీదికి పాకింది జాజి తీగె. వీధి గుమ్మం బయట గన్నేరు. వెనక అంజీర. ఇలాంటి నడిమి వాకిలి ఉన్న ఇళ్లు మా వైపు పాత ఊళ్లలోనూ ఉన్నాయి, వాటిని భవంతి ఇళ్లంటాం. గన్నేరూ దానిమ్మా లేని పెరడు నా చిన్నతనంలో నేను చూడలేదు. అంత దూరం విమానంలో పోయి, ఒక పరాయి ఇంట్లో నిలబడి, మొక్కల పేర్లన్నీ తెలుగులో పలికాను.

ముసలావిడ మాకు మట్టి కూజాలో నీళ్లు ఇచ్చింది. మీ ఊళ్లో కూడా ఇట్లా ఎండలుంటాయా అని అడిగింది. మే నెలలో ఇట్లాగే అని వాసుదేవరావు గారు చెప్పారు. ఆవిడ ఏదో అంది. ఆయన నాకు తెలుగులో చెప్పారు.

“చలికాలం వచ్చేవాళ్లంతా ఇది ఎండను ప్రేమించే ఊరు అనుకుంటారట. కట్టినవాళ్లు ఎండకు భయపడి కట్టారు అంటోంది.”

ఆ సాయంత్రం ఊరి నడుమ ఉన్న పెద్ద ప్రార్థనాలయం ఆవరణకు పోయాం. నారింజ చెట్లు వరుసలుగా ఉన్నాయి. రాతి నేలలో ఒక చెట్టు పాదు నుంచి ఇంకో చెట్టు పాదుకు సన్నటి కాలువలు చెక్కారు. వందల ఏళ్ల కిందట ఎవరో నీళ్లు వృథా కాకుండా చేసిన ఏర్పాటు అది. పొద్దు వాలాక జనం ఇళ్లలోంచి బయటికి వచ్చి ఆ చెట్ల కింద కూర్చున్నారు. పిల్లలు ఆడుకున్నారు. అప్పటిదాకా ఊరు దాక్కుని ఉందని నాకు అర్థమైంది.

నమూనా ముందు

తిరిగి వచ్చాక వాసుదేవరావు గారు గీసిన కాలనీలో వీధులు ఇరుకు. కార్లు బయటే ఆగిపోతాయి. ప్రతి ఇంటికీ నడిమి వాకిలి. చౌక్ చిన్నది, దాని నిండా కానుగ చెట్లు. కానుగ నేను అడిగి పెట్టించింది. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చి, ఎండలు ముదిరే వేళకు లేత ఆకుతో నిండిపోతుంది. మన నేలలో దాని నీడకు సాటి లేదు. ఆలివ్ వద్దని రాసి ఇచ్చాను. వెలిమెల నేల నల్లరేగడి, వానాకాలం నీళ్లు నిలుస్తాయి, వేళ్లు కుళ్లిపోతాయి. బతికినా దాని సన్నటి ఆకు మనిషికి నీడ ఇవ్వదు.

పటాన్‌చెరు ఆఫీసులో నమూనా బల్ల మీద పెట్టి అంతా వివరించాం. మాణిక్యం గారు చివరిదాకా విన్నాడు. తరువాత నమూనాలోని చౌక్ మీద వేలు పెట్టాడు.

“సార్, మీరు జెప్పింది కరెక్టే గావొచ్చు. గని నేను జూసిన ఊరు గిది గాదు. నేను జూసినప్పుడు ఆడ నిండ ఎండ ఉండె. మా శ్రావణి ఎండల గూసున్నది. నాకు గదే గావాలె.”

శ్రావణి ఎవరో నాకు తెలియదు. మెట్లు దిగుతుంటే వాసుదేవరావు గారు చెప్పారు. మాణిక్యం గారి ఒక్కగానొక్క కూతురు. రక్తానికి సంబంధించిన జబ్బు. వైద్యం మధ్యలో కొంచెం కోలుకున్నప్పుడు, ఎక్కడికి పోదామమ్మా అని తండ్రి అడిగితే ఏదో పత్రికలో చూసిన ఆ ఊరి బొమ్మ చూపించిందట. డిసెంబరులో తీసుకుపోయాడు. ఆ పిల్ల చౌక్‌లో ఒక రాతి అరుగు మీద కూర్చుని, ఎండకు ముఖం ఎత్తి, చాలా రోజుల తరువాత నవ్విందట. తరువాతి వానాకాలం చనిపోయింది.

ఆ మాట విన్నాక మేము మళ్లీ వాదించలేకపోయాం. మీరైతే ఏం చేసేవారో నాకు తెలియదు. యజమాని మొండివాడైతే వాదించవచ్చు, అత్యాశపరుడైతే ఖర్చు చూపించి దారికి తేవచ్చు. పోయిన కూతురు కూర్చున్న చోటును మళ్లీ కట్టుకోవాలనుకునే తండ్రి ముందు మన చదువు పనికిరాదు. వీధులు వెడల్పయ్యాయి. నడిమి వాకిళ్లు పోయి ఇంటి ముందు లాన్ వచ్చింది. చౌక్ పెద్దదైంది. అందులో తెల్ల బండలు పరిచారు. ఆలివ్ చెట్లు ఓడలో వచ్చాయి. చూడటానికి నిజంగా అందంగానే ఉండేవి, ముడతలు పడ్డ లావు మొదళ్లతో.

నేను ఒక్క పని చేశాను. కాలనీ వెనక మా నర్సరీలో కానుగ మొక్కలు పెద్ద సంచుల్లో పెట్టి పెంచుతూ పోయాను. మాణిక్యం గారికి చెప్పే చేశాను. ఉంచుకోండి, అవి ఉంటే నాకేం నష్టం అన్నాడు. ఏటేటా సంచులు మార్చి, పెద్దవి చేసి, వాటిని మనిషి ఎత్తు దాటించాం. పిల్లలకు చెప్పేదేమంటే, మీ మాట చెల్లని రోజున కూడా మీ మొక్కల్ని చావనివ్వకండి.

బాలమ్మ

ఆ కానుగలకు నీళ్లు పోసింది ఎక్కువగా బాలమ్మ. వెలిమెల మనిషే. ఆ కాలనీ లేచిన పొలాల్లోనే ఒకప్పుడు కలుపు తీసింది, జొన్న కోసింది. పొలం పటేళ్లది, కూలి ఆమెది. పొలాలు అమ్ముడుపోయాక కొందరు ఫ్యాక్టరీలకు పోయారు, ఆమె మా తోట పనిలో చేరింది. మొక్కల పని ఆమె కొత్తగానే నేర్చుకుంది. మొదట్లో లాన్‌కు నీళ్లెందుకు, ఇది తినేదా మేసేదా అని నవ్వేది. మనిషి బక్కపలచన, మాట గట్టి. పని మధ్యలో ఎవరైనా వాలిపోతే తను వాళ్ల వంతు కూడా లాగేసేది. భర్త పోచయ్య గొర్లు కాసేవాడు. మేసే బీళ్లు లేకుండా పోయాక గొర్లు అమ్మేసి ఇంట్లోనే ఉండేవాడు.

మొదటి వానాకాలానికి ఆలివ్ చెట్లు పసుపు రంగుకు తిరిగాయి. రెండో వానాకాలం తరువాత చౌక్‌లో ఉన్నవి మోళ్లే. అయినా మాణిక్యం గారు వాటిని తీయనివ్వలేదు. కొనేవాళ్లు ఇళ్లు చూడటానికి వచ్చే రోజు దగ్గర పడింది. ఏప్రిల్ చివర. చౌక్ చుట్టూ కొత్తగా లాన్ పరచాలి. గడ్డి పలకలు లారీల్లో వచ్చాయంటే ఆ పూటే పరిచి నీళ్లు పట్టాలి, లేకపోతే మాడిపోతాయి. ఎండకాలం పదకొండు దాటాక బయట పని ఆపాలని నేను పెట్టిన నియమం ఆ రోజు సైట్ ఇంజనీరు పక్కన పెట్టాడు. పైనుంచి ఒత్తిడి ఉంది, ఆ కుర్రవాడిని ఒక్కడినీ అనలేను. లారీలు ఆగిన వెనక గేటు దగ్గర నేనున్నాను. ఫోన్ వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం.

నేను పోయేసరికి బాలమ్మ తెల్ల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేల మీది బండలూ వెనక గోడా కలిసి కళ్లు తెరవనివ్వని వెలుతురు. ఒంటి మీద చెయ్యి వేస్తే పెనం మీద వేసినట్టుంది, చెమట చుక్క లేదు. నన్ను గుర్తుపట్టలేదు. ఎవరితోనో మాట్లాడుతోంది.

“ఎడ్లను నీడకు గట్టుండ్రి. ఎండ గొడ్తుంది, నీడకు గట్టుండ్రి.”

మిగతా ఆడవాళ్లు ఏడుస్తున్నారు. ఆమెను ఎత్తుకుని నీడకు పోదామంటే చుట్టూ నీడ లేదు. చౌక్ దాటి, ఆ వెడల్పాటి వీధి దాటి, పూర్తికాని ఒక విల్లాలోకి మోసుకుపోయాం. నలుగురం పట్టుకున్నా ఆ దూరం తరగలేదు. లాన్‌కు పెట్టిన పైపు లాగి ఆమె మీద నీళ్లు వదిలాం. గడ్డి లారీ డ్రైవరే ఒక కారు ఆపాడు. పటాన్‌చెరులో ఆసుపత్రికి చేరేదాకా ఆమె తల నా ఒడిలోనే ఉంది. ముత్తంగి దాటాక మాటలు కూడా ఆగిపోయాయి.

బతికింది. వడదెబ్బ మెదడుకు తగిలిందని డాక్టరు చెప్పాడు. చాలా రోజులకు స్పృహ నిలిచింది. కానీ నిలకడైన నడక పోయింది. లేచి నిలబడితే ఒళ్లు పక్కకు తూలుతుంది, చేతిలో చెంబు నిలవదు, మాట ముద్దగా వస్తుంది. అది మళ్లీ పూర్తిగా బాగుపడలేదు. ఆసుపత్రి ఖర్చు కంపెనీ పెట్టుకుంది, పోచయ్యకు వాచ్‌మన్ పని ఇచ్చారు. న్యాయం జరిగిందా అని నన్ను అడిగితే, జరగలేదనే చెబుతాను. పని చేసుకుని బతికే మనిషి చేతుల్లోంచి పని పోయింది. దానికి బదులుగా ఇచ్చేది ఏదీ నాకు తెలియదు.

బండలు లేచాయి

మాణిక్యం గారు ఆసుపత్రికి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఐసీయూ అద్దం ఇవతల చాలాసేపు నిలబడ్డాడు. లోపల గొట్టాలు, ఆ యంత్రాల చప్పుడు ఆయనకు కొత్త కాదు. పోచయ్య నేల మీద గోడకు ఒరిగి కూర్చుని ఉన్నాడు. సేటును చూసి లేవబోతే, మాణిక్యం గారు అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, తనూ పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఏదైనా తిన్నావా అని ఆయన, తిన్న అని ఇతను, అంతే.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నన్నూ వాసుదేవరావు గారినీ చౌక్ దగ్గరికి పిలిచాడు. మేం వచ్చేసరికి బాలమ్మ కూలబడిన గోడ దగ్గర, ఎండలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. గొడుగు తెచ్చిన డ్రైవరును పంపేశాడు. వాసుదేవరావు గారు అప్పటికే గుండె జబ్బు మనిషి, ఆయన్ని విల్లా గుమ్మంలో నిలబెట్టి నేను మాణిక్యం గారి పక్కకు పోయి నిలబడ్డాను. మాణిక్యం గారి ముఖం ఎర్రగా కందిపోయింది. కళ్లు చికిలించి ఆ మోళ్ల వైపు చూస్తున్నాడు. లోపలికి రండి సార్ అన్నాను. రాలేదు. అక్కడే ఉండి అడిగాడు.

“సరోజమ్మా, ఆ ఊరు మీరు బొయ్యినప్పుడు ఎట్లున్నది? నిజం జెప్పు.”

చెప్పాను. మూసిన కిటికీలు, సందుల మీద గుడ్డ పందిళ్లు, గుమ్మం దాటగానే చల్లటి నేల. చౌక్‌లో మధ్యాహ్నం పిట్ట కూడా వాలలేదని చెప్పాను. పొద్దు వాలాక నారింజ చెట్ల కిందికి జనం వచ్చారని చెప్పాను. ముసలావిడ అన్న మాట కూడా చెప్పాను. ఆయన తల దించుకుని విన్నాడు.

“మా శ్రావణికి చలి వెడ్తుండె. ఎప్పుడు జూసినా చలే. గందుకే ఎండల గూసున్నది.”

అప్పుడు మొదటిసారి ఆయన ఏడవడం చూశాను. చప్పుడు లేకుండా, ముఖం కదలకుండా. కాసేపటికి లేచి, దుమ్ము దులుపుకుని, వాసుదేవరావు గారి దగ్గరికి పోయాడు.

“బండలు తీపియ్యుండ్రి సార్. మీరు ముందు ఏం జెప్పిండ్రో అది పెట్టుండ్రి.”

వీధులను మళ్లీ ఇరుకు చేయడం ఎవరి వల్లా కాదు. నడిమి వాకిళ్లు తిరిగి రావు. కానీ చౌక్‌లో ఆలివ్ మోళ్లు పీకించి, తెల్ల బండలు లేపించాం. ఒక్కో చెట్టుకు మనిషి లోతు గుంత తవ్వి, రేగడి తీసేసి, ఎర్రమట్టి నింపాం. వానల ముందు మా నర్సరీలోని కానుగలను తెచ్చి దింపాం. వాసుదేవరావు గారు కుర్చీ వేయించుకుని దగ్గర కూర్చుని, ఒక పాదు నుంచి ఇంకో పాదుకు కాలువలు చెక్కించారు. వెలుతురు తిరిగి కళ్లకు కొట్టకుండా తెల్ల గోడలకు మట్టి రంగు వేశారు. ఇళ్ల ముందు లాన్ ఉన్న చోట ఒప్పుకున్నవాళ్లకు గన్నేరు, దానిమ్మ, జాజి పెట్టించాను. కొందరు ఒప్పుకోలేదు, బొమ్మలో ఇవి లేవన్నారు. ఆ మరుసటి ఏడాది వాసుదేవరావు గారు పోయారు. కానుగ కొమ్మలు ఒకదానికొకటి అందుకోవడం ఆయన చూడలేదు.

జనం కాపురాలకు వచ్చాక గొడవ మొదలైంది. కానుగ పూత రాలి కార్లు పాడవుతున్నాయని, ఆకులు ఊడ్వలేకపోతున్నారని, చెట్లు తీసేసి ఫౌంటెన్‌కు లైట్లు పెట్టాలని కాలనీ సంఘం సమావేశంలో కొందరు అడిగారు. మాణిక్యం గారు వచ్చి, కార్లు వేరే కాడ పెట్టుకోండని మాత్రం చెప్పి పోయాడు. ఆ చెట్లు ఎందుకు వచ్చాయో అక్కడున్నవాళ్లలో ఎవరికీ తెలియదు. చెప్పమని నేను సైగ చేసినా ఆయన చెప్పలేదు.

మీరు కూడా ఇలాంటి బొమ్మలు చూస్తారు. ఏదో దేశం, ఏదో ఊరు, పూలు, ఎండ, ఖాళీ వీధి. బొమ్మ ఏ నెలలో తీసిందో ముందు అడగండి. ఆ తరువాత, మే నెల మధ్యాహ్నం ఊడ్చే ఆమె ఎక్కడ కూర్చుంటుందో ఆ గీతల్లో వేలు పెట్టి చూపించమని అడగండి. చూపించలేకపోతే ఆ పని ఇంకా పూర్తి కాలేదన్నమాట. ఈ మాట అడిగినందుకు నాకు రెండు చోట్ల పని పోయింది. సుల్తాన్‌పూర్ వైపు ఒకచోట మాత్రం గీతలు మార్చుకున్నారు.

గేటు దగ్గర

నేను పని మానేశాక పోయిన ఏప్రిల్‌లో బాలమ్మను చూడటానికి వెలిమెల పోయాను. గుమ్మంలో కూర్చుని ఉంది. ముద్ద మాటలైనా నాకు అలవాటే. ఆ చెట్లెట్లున్నయి అని అడిగింది. నువ్వు చూడలేదా అన్నాను, కాలనీ ఆమె ఇంటికి అంత దగ్గర.

“బొయ్యిన మేడం. గేటు కాడ ఏ విల్లా అని అడిగిండ్రు. నాకు విల్లా యాడిది? ఎన్కకొచ్చిన.”

పోచయ్య ఆ గేటు దగ్గరే వాచ్‌మన్‌గా ఉండేవాడు. కొత్తగా వచ్చిన సెక్యూరిటీ కంపెనీ అతన్ని తీసేసిందట. నేను ఆటో పిలిపించి, ఆమెను ఎక్కించుకుని పోయాను. గేటు దగ్గర ఉత్తరాది అబ్బాయి, మర్యాదగానే, ఎవరింటికి మేడం అని హిందీలో అడిగాడు. ఈ చెట్లన్నీ నేను పెట్టినవే అని చెప్పాను. విల్లా నంబరు చెబితే ఫోన్ చేసి కనుక్కుంటానన్నాడు. నాకూ విల్లా లేదు. బాలమ్మ నా వైపు చూసి, చెప్పిన గదా అన్నట్టు చెయ్యి తిప్పింది.

మాణిక్యం గారికి ఫోన్ చేశాను. అక్కడే ఒక ఇంట్లో ఉంటున్నాడని తెలుసు. ఏ గేటు అని మాత్రం అడిగాడు. కారులో కాదు, నడిచి వచ్చాడు, చేతిలో కర్ర. బాలమ్మ ఆటో దిగబోయి తూలితే ఆయనే రెక్క పట్టుకున్నాడు. ఆమె సిగ్గుపడి చెయ్యి లాక్కోబోయింది, ఆయన వదల్లేదు. ఇద్దరూ సరిగ్గా నడవలేని మనుషులే. ఆ వెడల్పాటి వీధి దాటడానికి మాకు చాలాసేపు పట్టింది.

చౌక్‌లో అడుగు పెట్టగానే గాలి మారింది. కానుగలు లేత ఆకుపచ్చగా, పైన పూర్తిగా కలుసుకుని ఉన్నాయి. కింద ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు టిఫిన్ డబ్బాలు విప్పుకుని తింటున్నారు. డ్రైవర్లు పేకాట ఆడుతున్నారు. సామాన్లు డెలివరీ చేసే ఇద్దరు కుర్రాళ్లు హెల్మెట్లు తలకింద పెట్టుకుని పడుకున్నారు. కాలనీవాళ్లు ఒక్కరూ లేరు. మాణిక్యం గారిని చూసి డ్రైవర్లు లేవబోతే, ఆయన కర్ర ఊపి కూర్చోమన్నాడు.

బాలమ్మ ఒక చెట్టు మొదలు దగ్గర కూర్చుని, బెరడు మీద చెయ్యి పెట్టి, పైకి చూసింది. మంచిగ అయినయి అంది. ఎండలో ఆటోలో వచ్చినందుకే అలసిపోయింది. కాసేపటికి నా వైపు తిరిగింది.

“మేడం, జెర సేపు ఒరగనా? ఎవరన్న ఏమన్న అంటరా?”

నేను జవాబు చెప్పేలోపే మాణిక్యం గారు తన భుజం మీది తువ్వాలు తీసి, మడిచి, ఆమె తల పెట్టుకునే చోట నేల మీద పరిచాడు. ఆమె పక్కకు తిరిగి పడుకుంది. వెంటనే నిద్ర పట్టింది, కూలి పని చేసే రోజుల్లో మధ్యాహ్నం పడుకున్నట్టే, నోరు కొద్దిగా తెరిచి. ఊడ్చే మనిషి అటు వైపు రాబోతే మాణిక్యం గారు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె లేచేదాకా మేమిద్దరం అక్కడే కూర్చున్నాం.